మాస్టారి కబుర్లు: వంద నాణేల సంచి

పిల్లలూ!

నాన్నగారి చొక్కా జేబులో గాని, అమ్మ పోపుల డబ్బాలో గాని చిల్లర ఉంటుంది కదా. అందులో నుంచి ఒక్క నాణెం అడిగి తీసుకోండి. ఈ కబుర్లు అయ్యేదాకా దాన్ని అరచేతిలోనే ఉంచుకోండి. అది ఎప్పుడు పుట్టిందో, ఎక్కడ పుట్టిందో, దేనితో తయారైందో అదే మీకు చెబుతుంది. అడగటం ఎట్లాగో మనకు తెలియాలి, అంతే.

ఈ సంగతి ఈ నెల ఎందుకు ఎత్తుకున్నానో ముందు చెబుతాను.

మా సబ్బవరంలో, మా వీధి చివరి ఇంట్లో ఒక కుర్రవాడున్నాడు. ఏడో తరగతి చదువుతున్నాడు. రోజూ సాయంత్రం లెక్కలు చెప్పించుకోవటానికి నా దగ్గరకు వస్తాడు. ఒకసారి నాలుగు రోజులు వరసగా రాలేదు. జ్వరమేమోనని నేనే వెళ్ళి చూచాను. జ్వరమూ లేదు, ఏమీ లేదు. అరుగు మీద మోకాళ్ళలో తల పెట్టుకుని కూచున్నాడు. "ఏటిరా, ఏమైందీ?" అంటే పలకడు. చివరకు వాళ్ళ అమ్మ చెప్పింది.

వాడి దగ్గర ఒక అయిదు రూపాయల నాణెం ఉన్నది. దాని మీద వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ ఉన్నది. "ఈ నాణెం ఎవరి దగ్గర ఉంటే వారికి పది లక్షలు ఇస్తాం" అని ఫోనులో ఎవరో చెబుతూ ఉంటే వాడు చూచాడు. వెంటనే తండ్రికి చూపించాడు. ఆ తండ్రి ఆటో నడుపుతాడు. ఆ ఫోను నంబరుకు మాట్లాడితే, "ముందు పేరు నమోదు చేసుకోవాలి, పన్నెండు వందలు పంపండి" అన్నారట. పంపాడు. మర్నాడు మళ్ళీ ఫోను వచ్చింది. "పది లక్షలకు పన్ను కట్టాలి, అయిదు వేలు పంపితే సాయంత్రానికి సొమ్ము మీ ఇంట్లో ఉంటుంది" అన్నారు. ఆ అయిదు వేలూ ఎక్కడ అప్పు చేద్దామా అని ఆయన తిరుగుతున్నాడు. తను చూపించబట్టే ఇదంతా వచ్చిందని పిల్లవాడు దిగులు పెట్టుకున్నాడు.

అంతలో తండ్రే వచ్చాడు. ఆయనా ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే.

"మాస్టారూ, తమరు చదువుకున్నోళ్ళు. ఈ బిళ్ళకి నిజంగా పది లక్షలొస్తాయా?" అన్నాడు.

రావని నేను ఒక్క ముక్కలో చెప్పవచ్చు. కాని అట్లా చెబితే, "మాస్టారికి తెలియదేమో" అన్న అనుమానం లోపల ఉండిపోతుంది. అందుకని, "నాకు ఒక్క రోజు గడువు ఇయ్యి నాయనా. అప్పటిదాకా ఒక్క పైసా కూడా పంపకు" అన్నాను.

మర్నాడు నేనూ, కుర్రవాడూ కలిసి బ్యాంకుకు వెళ్ళాం. అయిదు వందల నోటు ఇచ్చి, అయిదు రూపాయల నాణేల సంచి ఒకటి అడిగాం. సంచి అంటే గోనెసంచి కాదు, వంద నాణేలు పట్టే చిన్న ప్లాస్టిక్ సంచి. నాణేలు వందేసి చొప్పున ఇట్లా సంచుల్లో కట్టి తెస్తే లెక్కకు సుళువని రిజర్వు బ్యాంకే చెప్పింది.

అమెరికాలో ఈ పద్ధతి వేరుగా ఉంటుంది. అక్కడ నాణేలను ఒకదాని మీద ఒకటి పేర్చి, కాగితంలో గొట్టంలాగా చుట్టి ఇస్తారు. పావు డాలరు నాణేలయితే ఒక్కొక్క చుట్టలో నలభై ఉంటాయి. 1964 దాకా వేసిన పావు డాలరులో నూటికి తొంభై పాళ్ళు వెండి ఉండేది. ఆ తరువాత వాడుకకు వేసిన వాటిలో వెండి మానేశారు. అందుకని అక్కడ కొందరు చుట్టలు తెచ్చుకుని, విప్పి, ఒక్కొక్క నాణెమే వెతికి, మిగతావి మళ్ళీ బ్యాంకుకే ఇచ్చేస్తారు. మన సంచిలో వెండి దొరకదు. కాని వెతికే సరదా మాత్రం ఎక్కడైనా ఒకటే.

సంచుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి టంకశాల నుంచి నేరుగా వచ్చిన కొత్త సంచి. అందులో నాణేలన్నీ తళతళలాడుతూ, ఒకే సంవత్సరానివి ఉంటాయి. చూడటానికి బాగుంటుంది గాని, వెతకటానికి ఏమీ ఉండదు. రెండోది, కొట్లవాళ్ళూ, గుడుల వాళ్ళూ బ్యాంకులో కట్టిన పాత చిల్లర సంచి. సింహాచలం అప్పన్న హుండీలో మీరు వేసిన రూపాయి కూడా చివరకు ఏదో బ్యాంకుకు చేరవలసిందే కదా! మేము ఈ రెండో రకం సంచే అడిగి తెచ్చుకున్నాం.

అరుగు మీద పాత దుప్పటి పరిచి, వంద నాణేలూ దాని మీద పోశాం. నాణేనికి మూడు ప్రశ్నలు వెయ్యాలని వాడికి చెప్పాను. మీరు కూడా మీ చేతిలోని నాణేన్ని ఆ మూడు ప్రశ్నలే అడగండి.

మొదటి ప్రశ్న: నువ్వు ఎప్పుడు పుట్టావు? ఇది సుళువు. సంవత్సరం అంకెల్లోనే ఉంటుంది. మన దేశంలో మామూలు వాడుకకు అయిదు రూపాయల నాణెం 1992లో మొదలైంది. కాబట్టి మీ అమ్మకో నాన్నకో చిన్నతనంలో చేతులు మారిన నాణెం ఇవాళ మీ చేతికి రావచ్చు. నాణెం మీద రూపాయి గుర్తు ఉన్నదీ లేనిదీ కూడా చూడండి. ఆ గుర్తును ప్రభుత్వం 2010 జులైలో ఖాయం చేసింది. 2011 నుంచి నాణేల మీదకు వచ్చింది.

రెండో ప్రశ్న: నువ్వు ఎక్కడ పుట్టావు? దీనికి జవాబు సంవత్సరం కింద ఉంటుంది. కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూడండి. భూతద్దం ఉంటే మరీ మంచిది. మన దేశంలో నాణేలు వేసే టంకశాలలు నాలుగు. సంవత్సరం కింద వజ్రం ఆకారం ఉంటే ఆ నాణెం ముంబాయిలో పుట్టింది. చిన్న చుక్క ఉంటే నోయిడాలో పుట్టింది. అయిదు కోణాల నక్షత్రం ఉంటే మన హైదరాబాదులో పుట్టింది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాలో పుట్టింది. మా సంచిలో నక్షత్రాలే ఎక్కువగా వచ్చాయి. హైదరాబాదు మనకు దగ్గర కాబట్టి కాబోలు.

ఈ హైదరాబాదు టంకశాలకు పెద్ద చరిత్రే ఉన్నది. నిజాముల కాలంలో 1803లో మొదలైంది. 1903లో సైఫాబాదుకు మారింది. ఆ రోజుల్లో నిజాం రూపాయి మీద చార్మినారు బొమ్మ ఉండేది. 1950లో ఈ టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాదులోని పాత భవనంలో 2022లో నాణేల ప్రదర్శనశాల తెరిచారు. హైదరాబాదు వెళ్ళినప్పుడు మీ పెద్దవాళ్ళను అడిగి తప్పకుండా చూడండి.

ఒక్కొక్కప్పుడు మన టంకశాలలు వేసే నాణేలు చాలక, విదేశాల్లో కూడా వేయించుకున్నారు. 1985 నాటి కొన్ని రూపాయి బిళ్ళల మీద సంవత్సరం కింద ఇంగ్లీషు 'హెచ్' అక్షరం ఉంటుంది. అవి ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో పుట్టి, ఓడ ఎక్కి వచ్చినవి!

మూడో ప్రశ్న: నువ్వు దేనితో తయారయ్యావు? దీనికి ఒక అయస్కాంతం ఉంటే చాలు. పాత, బరువైన, తెల్లని అయిదు రూపాయల నాణేన్ని దాని దగ్గర పెట్టండి. అంటుకోదు. అది రాగి, నికెల్ కలిపిన లోహం. నూటికి 75 పాళ్ళు రాగి, 25 పాళ్ళు నికెల్. బరువు 9 గ్రాములు. 2007 ప్రాంతంలో వచ్చిన తెల్లని నాణేన్ని పెట్టండి. టక్కున అంటుకుంటుంది. అది ఉక్కు, దాని బరువు 6 గ్రాములే. 2009 నుంచి వచ్చిన పసుపుపచ్చని నాణెం మళ్ళీ అంటుకోదు. అది నికెల్ కలిపిన ఇత్తడి. దాని బరువు కూడా 6 గ్రాములే. మూడింటి విలువా అయిదు రూపాయలే!

లోహం ఎందుకు మార్చారంటారా? లోహాల ధర పెరిగితే, నాణెం మీద రాసిన విలువ కంటె దానిలోని లోహం విలువే ఎక్కువ కావచ్చు. అప్పుడు దొంగలు నాణేలు పోగుచేసి కరిగిస్తారు. మన నాణేలను సరిహద్దు దాటించి, కరిగించి, గడ్డం గీసుకునే బ్లేడులు చేస్తున్నారని 2007లో వార్తలు వచ్చాయి. నాణేలు కరిగించటం, ముక్కలు చెయ్యటం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నేరం. కాబట్టి పిల్లలూ, నాణేనికి చిల్లు పొడిచి మెడలో వేసుకోవటం లాంటి పనులు చెయ్యకండి.

ఇంతకూ మా కుర్రవాడి సంగతి ఏమైందంటారా?

మూడు ప్రశ్నలూ అడుగుతూ, వాడు నాణేలను కుప్పలుగా వేరు చేస్తున్నాడు. మామూలు బొమ్మవి ఒక కుప్ప, ఎవరి జ్ఞాపకంగానో, ఏ సంఘటన గుర్తుగానో వేసినవి ఒక కుప్ప. ఆ రెండో కుప్పలో ఉప్పు సత్యాగ్రహానికి వెళ్ళిన దండి యాత్ర నాణెం దొరికింది. తంజావూరు పెద్ద గుడికి వెయ్యేళ్ళు నిండినప్పుడు వేసినది దొరికింది. రవీంద్రనాథ్ ఠాగూరు నాణెం దొరికింది. ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా వాడి ముఖం కొంచెం కొంచెంగా విప్పారుతున్నది. ఉన్నట్టుండి చెయ్యి ఆపేశాడు.

వాడి వేళ్ళ మధ్య వైష్ణోదేవి అమ్మవారి నాణెం ఉన్నది. 2012 నాటిది. అచ్చం వాడి దగ్గర ఉన్నదానిలాంటిదే.

ఏమీ అనలేదు. మళ్ళీ వెతకటం మొదలు పెట్టాడు. వంద అయ్యేసరికి అటువంటిదే ఇంకొకటి దొరికింది.

"మాస్టారూ, ఇంట్లోది ఒకటి, ఇయ్యి రెండు. అంటే ముప్ఫై లక్షలా?" అన్నాడు. అంటూ ఉండగానే వాడికే నవ్వు వచ్చింది. నవ్వి, కాసేపు ఆలోచించి, "ఒక్క సంచిలోనే రెండున్నాయంటే, దేశంలో ఎన్ని సంచులున్నాయో! అన్నిటికీ పదేసి లక్షలు ఎవరిస్తారు?" అన్నాడు.

నేను చెప్పవలసిన మాట వాడే చెప్పాడు. ఇక నేను చెప్పటానికి ఏమీ మిగలలేదు. ఆ రెండు నాణేలూ పట్టుకుని ఇంటికి పరుగెత్తాడు. తండ్రి వాటిని చూచాడు, ఇంట్లోదాని పక్కన పెట్టి చూచాడు. అయిదు వేలూ పంపలేదు.

పిల్లలూ, నాణేనికి ఎక్కువ ధర రావాలంటే మూడు షరతులు ఉండాలి. ఒకటి, అటువంటివి కొద్దిగా వేసి ఉండాలి, లేదా కొద్దిగానే మిగిలి ఉండాలి. రెండు, అది చెడిపోకుండా ఉండాలి. మూడు, దాన్ని కావాలనేవాళ్ళు చాలామంది ఉండాలి. చిల్లరలో తరచు కనుపించే నాణెం మొదటి షరతులోనే తప్పిపోతుంది. దానికి లక్షలిస్తామని ఎవరైనా అంటే, వాళ్ళకు కావలసింది మీ నాణెం కాదు, మీరు పంపే రుసుము. ఇటువంటి మోసాలు జరుగుతున్నాయనీ, పాత నోట్లూ నాణేలూ కొనటానికి తాను ఎవరినీ నియమించలేదనీ, ఎటువంటి రుసుమూ అడగననీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో అందరికీ తెలియజేసింది.

పెద్దవాళ్ళకు ఒక మాట. ఫోను ద్వారా సొమ్ము పోయినట్టు తెలిసిన వెంటనే 1930 అనే నంబరుకు ఫిర్యాదు చెయ్యాలి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది. సిగ్గుపడి దాచుకుంటే మోసగాడికే లాభం. మా కుర్రవాడి తండ్రి చేత కూడా ఫిర్యాదు చేయించాను. ఆ పన్నెండు వందలూ ఇంకా తిరిగి రాలేదు. పిల్లవాడిని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. అందుకు ఆ ఇంటివారిని మెచ్చుకోవాలి.

మీలో ఎవరికైనా నాణేలు పోగుచెయ్యాలనిపిస్తే, నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. నా చిన్నతనంలో మా నాన్నగారి పెట్టెలో 1936 నాటి కాణీ ఒకటి ఉండేది. జార్జి చక్రవర్తి బొమ్మ, చక్కని ముదురు గోధుమ రంగు. నాన్నగారు సంతోషిస్తారని దాన్ని చింతపండుతో బరబరా తోమాను. కొత్త రాగి చెంబులా మెరిసింది. నాన్నగారు దాన్ని చూచి కోప్పడలేదు. "దాని వయస్సంతా కడిగేశావురా" అన్నారు. ఆ రంగు చాలా ఏళ్ళ మీద గాలి తగిలి ఏర్పడిన పలుచని పొర. తోమితే పోతుంది, మళ్ళీ రాదు. అందుచేత పాత నాణేలను తోమవద్దు. అంచులు పట్టుకుని ఎత్తాలి. ఒక్కొక్కదాన్నీ ఒక్కొక్క కాగితపు కవరులో పెట్టి, పైన సంవత్సరం, టంకశాల, మీకు దొరికిన తేదీ రాయాలి. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఎన్ని చేతులు మారి వచ్చిందో కదా!

ఇంకొక సంగతి. బ్యాంకు సంచిలో దొరికిన నాణెం మీది. నేలలో దొరికిన నాణెం అట్లా కాదు. మనకు దగ్గరలోనే, అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఉన్నది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అలెగ్జాండర్ రీ అనే ఆయన అక్కడ తవ్వించినప్పుడు, సముద్రగుప్తుని బంగారు నాణెం ఒకటి బయటపడింది. ఎక్కడో ఉత్తరాన పాటలీపుత్రం, ఎక్కడ మన అనకాపల్లి! ఎవరి మూటలో వచ్చిందో గాని, ఇంత దూరం వచ్చింది. అది ఫలానా చోట దొరికిందని తెలియబట్టే దానికి అంత విలువ. ఎవరైనా చాటుగా తీసి అమ్ముకుని ఉంటే అది ఉత్త బంగారం ముక్క అయ్యేది. అందుకే భూమిలో పాతకాలపు నిధి దొరికితే కలెక్టరుకు తెలియజెయ్యాలని 1878 నాటి నుంచీ చట్టం ఉన్నది. పొలంలోనో, పునాదిలోనో పాత నాణెం కనుపిస్తే పెద్దవాళ్ళతో చెప్పండి.

మరి మా వంద నాణేలు ఏమైనాయి? నచ్చిన అయిదింటిని కుర్రవాడు ఉంచుకున్నాడు. వాటి బదులు ఇరవై అయిదు రూపాయలు వాళ్ళ అమ్మ ఇచ్చింది. మిగతా తొంభై అయిదూ సంతలో కూరగాయలమ్మే ఆవిడకు ఇచ్చి, నోట్లు తీసుకున్నాం. చిల్లర లేక అవస్థపడే ఆవిడ ఎంతో సంతోషించింది. నాణెం తిరుగుతూ ఉంటేనే నాణెం. అన్నీ మనమే దాచుకుంటే బజారులో పని ఆగుతుంది. పది రూపాయల నాణెం చెల్లదని కొందరు అంటారు, నమ్మకండి. వేరువేరు బొమ్మలతో వచ్చిన పద్నాలుగు రకాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించింది. చెల్లనివి 25 పైసలూ, అంతకంటె చిన్నవీ. అవి 2011 జూన్ 30 నుంచి చెల్లటం మానేశాయి. యాభై పైసలు ఇప్పటికీ చెల్లుతుంది.

ఇప్పుడు ఆ కుర్రవాడి దగ్గర ఒక పుస్తకం ఉన్నది. సంవత్సరానికి ఒక గడి, టంకశాలకు ఒక గడి గీసుకున్నాడు. వైష్ణోదేవి నాణెం గడికి ఎదురుగా, "ధర: అయిదు రూపాయలు" అని రాసుకున్నాడు. ఆటో దిగగానే తండ్రి ఆ రోజు చిల్లరంతా వాడి ముందు పోస్తాడు. ఇద్దరూ కూచుని వెతుకుతారు. దారిన పోతూ నేను చాలాసార్లు చూచాను.

మీ చేతిలోని నాణేన్ని మూడు ప్రశ్నలూ అడిగారా? అయితే ఈ నెల లెక్క చెయ్యండి.

ఒక సంచిలో వంద అయిదు రూపాయల నాణేలున్నాయి. కొన్ని 9 గ్రాముల పాతవి, తక్కినవి 6 గ్రాములవి. సంచి బరువు వదిలేస్తే, నాణేల మొత్తం బరువు 720 గ్రాములు. నాణేలను బయటికి తియ్యకుండా పాతవెన్నో చెప్పాలి. అన్నీ 6 గ్రాములవే అయితే ఎంత బరువు ఉండేదో ముందు చూడండి, దారి దొరుకుతుంది.

జవాబు వచ్చే నెల చెబుతాను. అంతవరకూ సెలవు.

మీ మాస్టారు